బిగిసిపోయిన బ్రేకు పిస్టనును విడిపించు విధానము

మన కాచిగూడ స్టేషను భవనము 1916వ సంవత్సరమున, ఏడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున నిర్మింపబడినది. బండి వచ్చునపుడు పట్టాల ప్రక్కన నిలిచి దాని చక్రములను పరికించు రైల్వే పనివారిని మీలో పెక్కురు చూచియుందురు. వారు వెదకు దోషములలో ‘బ్రేక్ బైండింగు’ ఒకటి. అనగా, డ్రైవరు బ్రేకు విడిచినను అది చక్రమును విడువకుండుట. అట్టి చక్రము వేడెక్కి పొగ గ్రక్కును. ఈ వ్యాధియే మన యిండ్లలోని కార్లకును మోటారు సైకిళ్లకును కలుగుచుండును. అయితే రోడ్డు ప్రక్కన నిలిచి మన చక్రములను చూచువారు లేరు. కావున ఈ దోషము ఎట్లు పుట్టునో, దానిని ఎట్లు తొలగింపవలయునో మనమే తెలిసికొనుట మేలు.

నిర్మాణము

డిస్కు బ్రేకునందు చక్రముతో కూడ ఒక ఇనుప పళ్లెము తిరుగును. దీనికే డిస్కు అని పేరు. దాని కిరువైపుల రెండు ప్యాడ్లుండును. వానిని పిడికిలివలె పట్టియుంచు భాగము కాలిపర్. ఇంగ్లండు దేశమున ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సు దేశమున లె మాన్ పందెమును డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గెలిచిన పిదప దీని ఖ్యాతి లోకమంతట వ్యాపించినది.

కాలిపర్ లోపల గుండ్రని పిస్టను కలదు. పెడలు త్రొక్కగా బ్రేకు ఆయిల్ దానిని ముందునకు నెట్టును. పిస్టను లోపలి ప్యాడును డిస్కుపై నొక్కును. అప్పుడు కాలిపర్ తన పిన్నులపై వెనుకకు జరిగి వెలుపలి ప్యాడునుకూడ డిస్కునకు లాగును.

ఇచట పాస్కల్ సూత్రమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పాదము 20 కిలోల బరువుతో త్రొక్కినదనుకొందము. పెడలు మీటవలె పనిచేసి దానిని నాలుగింతలు, అనగా 80 కిలోలు చేయును. మాస్టరు సిలిండరు పిస్టను వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లయినచో, ఆయిల్‌లో పీడనము చదరపు సెంటీమీటరునకు 20 కిలోలు. కాలిపర్ పిస్టను వైశాల్యము 20 చదరపు సెంటీమీటర్లయినచో దానిపై పడు బలము 400 కిలోలు.

ముందునకు నెట్టుటకు ఇంత బలమున్నది గదా, వెనుకకు లాగుటకు ఏమున్నది? స్ప్రింగేదియు లేదు. పిస్టను చుట్టునుండు రబ్బరు సీలు, పిస్టను ముందునకు పోవునపుడు కొంచెము మెలిపడి, పీడనము పోగానే యథాస్థితికి వచ్చుచు పిస్టనును మిల్లీమీటరులో కొద్ది భాగము మాత్రమే వెనుకకు తెచ్చును. ఈ పాఠమునకు మూలము ఇదియే. రవంత త్రుప్పు 400 కిలోల బలమును ఆపజాలదు గాని, రబ్బరు యొక్క బలహీనమైన లాగుడును ఆపగలదు. కనుకనే బిగిసిన పిస్టను గల బండి చక్కగా ఆగుచునే యుండును, కాని బ్రేకు విడువదు. బండి ఆగుచున్నదిగదా యని యజమాని నిశ్చింతగా నుండును.

కారణములు

ప్యాడ్లు అరిగినకొలది పిస్టను వెలుపలికి జరుగుచుండును. దానిని కప్పియుండు రబ్బరు తొడుగు చినిగినచో వాననీరు, దుమ్ము లోనికి ప్రవేశించును. వర్షకాలమంతయు కదలక నిలిచియున్న బండికి ఇది మరింత కీడు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొనును గనుక, ఏండ్ల తరబడి మార్చని ఆయిల్ వలన లోపలనుండియు త్రుప్పు పట్టును.

దీనివలని ప్రమాదము స్వల్పము కాదు. రాచుకొనుచున్న ప్యాడు ఆయిల్‌ను వేడిచేయును. డాట్ 4 ఆయిల్ క్రొత్తదైనచో కనీసము 230 సెంటిగ్రేడు డిగ్రీలవరకు మరగరాదని ప్రమాణము. నీరు చేరినపుడు ఆ ప్రమాణము 155 డిగ్రీలకు దిగును. మరగి ఆవిరియైన ఆయిల్ పీడనమును మోయజాలదు. కోఠీనుండి చాదర్‌ఘాట్ వంతెనవైపు గుంపులో పోవుచుండగా పెడలు అకస్మాత్తుగా నేలకు దిగినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

గుర్తించుట

ఒక చక్రము తక్కినవానికంటె ఎక్కువ వేడెక్కుట, మాడు వాసన, బండి ఒక ప్రక్కకు లాగుట, పెట్రోలు ఎక్కువ ఖర్చగుట, ఒక ప్యాడు రెండవదానికంటె త్వరగా అరుగుట: ఇవి లక్షణములు. అయితే పిన్నులు పట్టుకొన్నను, రబ్బరు గొట్టము లోపల వాచి ఆయిల్‌ను వెనుకకు పోనీయకున్నను ఇవే లక్షణములు కలుగును. కావున పరీక్షింపక నిర్ణయింపరాదు.

విడిపించు క్రమము

మొదట: సమతలమున బండి నిలిపి, తక్కిన చక్రములకు అడ్డు పెట్టి, నట్లు వదులుచేసి, జాకీతో లేపవలయును. జాకీని మాత్రమే నమ్మక గట్టి స్టాండు ఉంచవలయును. ప్యాడ్ల ధూళిని నోటితోగాని గాలిపంపుతోగాని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలయును.

రెండవది: కాలిపర్‌ను విప్పి తీగతో వ్రేలాడగట్టవలయును. దాని బరువు గొట్టముపై పడరాదు. పిన్నులు చేతితో జరుగుచున్నవో లేదో చూడవలయును.

మూడవది: వెలుపలనున్న పిస్టను భాగమును బ్రేకు క్లీనరుతోగాని క్రొత్త బ్రేకు ఆయిల్‌తోగాని శుభ్రపరుపవలయును. మురికితోనే నెట్టినచో అది సీలును కోయును.

నాలుగవది: గాలి తీయు నిపిల్‌కు గొట్టము తగిలించి, దాని కొనను సీసాలో నుంచి, నిపిల్‌ను కొంచెము విప్పవలయును. పిస్టనుపై పాత ప్యాడు నుంచి సి-క్లాంపుతో నెమ్మదిగా, తిన్నగా నొక్కవలయును. అంతకుముందు కదలని పిస్టను ఇప్పుడు సులువుగ పోయినచో దోషము పిస్టనునందు లేదు. గొట్టమునందో మాస్టరు సిలిండరునందో వెదకవలయును. కొన్ని కార్ల వెనుక చక్రముల పిస్టనును నొక్కక మరవలె త్రిప్పవలయును. ఎలక్ట్రిక్ పార్కింగు బ్రేకు గలవానిని ముందుగా సర్వీసు స్థితిలో పెట్టవలయును. బండితో వచ్చిన పుస్తకమును చదివిన పిదపనే బలము చూపుడు.

ఐదవది: అప్పటికిని కదలకున్నచో నిపిల్ బిగించి, పిస్టను కెదురుగా చెక్కముక్క నుంచి, మరియొకరిచే పెడలును మెల్లగా త్రొక్కింపవలయును. పిస్టను కొన్ని మిల్లీమీటర్లు బయటకు రాగానే ఆపి, శుభ్రపరచి, నిపిల్ విప్పి మరల లోనికి నెట్టవలయును. ఇట్లు పలుమారులు ముందు వెనుకలకు నడిపినచో తరచు విడిపోవును. ముందునకు తెచ్చునది పెడలులోని 400 కిలోల బలమే గనుక ఈ ఉపాయము ఫలించును.

ఆరవది: ఇంకను బిగువుగా నున్నను, తొడుగు చినిగియున్నను, పిస్టనును పూర్తిగా తీసి చూడవలయును. గాలిపంపుతో వెలువరించువారు కలరు. అట్లు తీసినపుడు పిస్టను తూటావలె ఎగిరి వ్రేళ్లను నలుగగొట్టగలదు గనుక ఆ పని అనుభవజ్ఞులకు విడువుడు. సీలు ఆనుచోట గుంటలు పడిన పిస్టనును మార్చవలయును. సీలును, తొడుగును తప్పక క్రొత్తవి వేయవలయును. పటకారుతో పిస్టను ప్రక్కలను పట్టరాదు. పడిన గీతలగుండ ఆయిల్ కారును.

కిరోసిన్, పెట్రోలు, ఇంజను ఆయిల్, మామూలు గ్రీజు వీనిలో ఏదియు సీలునకు తగులరాదు. వానివలన ఆ రబ్బరు ఉబ్బి చెడును. సీలునకు బ్రేకు ఆయిల్, పిన్నులకు సిలికాన్ గ్రీజు తగినవి.

చివరి పరీక్ష

ప్యాడ్లను ఎల్లప్పుడు ఇరుచక్రములకును జతగా మార్చవలయును. అన్నియు బిగించి, గాలి తీసి, ఆయిల్ మట్టము సరిచూడవలయును. బండి కదలకముందే పెడలు గట్టిపడువరకు పలుమారులు త్రొక్కవలయును. ఏలయన వెనుకకు నెట్టిన పిస్టను ప్యాడును చేరువరకు బ్రేకు ఉండదు. ఈ యొక్క పని మరచి వీథిలోనికి పోవుట మిక్కిలి ప్రమాదకరము. పిదప ఖాళీ స్థలమున మెల్లగా నడిపి, దిగి, చక్రములకు చేతిని దగ్గరగా చాచి వేడిని పోల్చవలయును, డిస్కును తాకరాదు.

పిల్లలు ఈ పనిని పెద్దలు దగ్గర లేక చేయరాదు. తల్లిదండ్రులు మెకానిక్కుచే ప్యాడ్లు మార్పించునపుడు రెండు ప్రశ్నలు తప్పక అడుగవలయును: “పిస్టను లోనికి తేలికగా పోయినదా? పిన్నులు జరుగుచున్నవా?” ఈ రెండును చూడక ప్యాడ్లు మాత్రమే మార్చినచో క్రొత్తవియు అచిరకాలముననే అరిగిపోవును, అపాయమును అట్లే నిలిచియుండును. మంచి బ్రేకు రెండు పనులు చేయవలయును: పట్టవలయును, విడువవలయును. మొదటిదానిని అందరు పరీక్షింతురు; రెండవదానినికూడ పరీక్షించుట నేర్చుకొందముగాక.