గింజ ధరను శాసించేది వానా? గిరాకీనా?



పొలంలో పండిన గింజకు ధర కట్టేది ఎవరు? మార్కెట్ యార్డులో వేలం పాట పాడేది వ్యాపారి కనుక ఆయనే ధర కడుతున్నట్టు మనకు కనిపిస్తుంది. కానీ ఆ వ్యాపారి యార్డుకు వచ్చేముందే ఇంకెక్కడో పలికిన ధరను సెల్‌ఫోన్‌లో చూసుకుని వస్తాడు. ఆ ధర వెనుక ఎక్కడో కురవని వాన ఉంటుంది. ఇంకెక్కడో పెరిగిన గిరాకీ ఉంటుంది.

మేము కూడా ఇలాంటి హాస్టల్లోనే ఉండి చదువుకున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మా తరంలోనే. అర్థశాస్త్రంలో 'ఫ్యూచర్స్ మార్కెట్' అనే పాఠం రాగానే ఇది షికాగో, ముంబాయి షావుకార్ల సంగతి, మనకెందుకులే అని చాలామంది విద్యార్థులు పేజీ తిప్పేస్తారు. నిజానికి ఈ పాఠం అందరికంటే ఎక్కువగా అవసరమైనది మనకే. మన అమ్మానాన్నలు పంట అమ్మేవాళ్ళు లేదా ఆ పంట మీద కూలి చేసేవాళ్ళు. మనమేమో ఆ గింజ, ఆ నూనె కొని వండే మెస్‌లో తినేవాళ్ళం. కనుక వీలైనంత సులువుగా చెప్పడానికి ప్రయత్నిస్తాం.

వాయిదా వ్యాపారం అంటే ఏమిటి?

రాబోయే ఒక నెలలో ఇవ్వవలసిన సరుకుకు ఈరోజే ధర కుదుర్చుకోవడమే వాయిదా వ్యాపారం. దీనినే ఫ్యూచర్స్ అంటున్నాం. ధాన్యాల విషయంలో దీనికి పేరుమోసిన చోటు అమెరికాలోని షికాగో నగరం. అక్కడి 'షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్' 1848లో ఏర్పడింది. అక్కడ మొక్కజొన్నకు ఒక ఒప్పందం అంటే 5,000 బుషెళ్ళు. మొక్కజొన్న బుషెల్ సుమారు 25.4 కిలోలు కనుక ఒక ఒప్పందం మన లెక్కలో దాదాపు 1,270 క్వింటాళ్ళు.

ఒక చిన్న లెక్క చేద్దాం. అయోవా రాష్ట్రంలో ఒక రైతు మే నెలలో మొక్కజొన్న విత్తాడు. డిసెంబరు వాయిదా ధర బుషెల్‌కు 5 డాలర్లు ఉందనుకుందాం. ఆ ధరకు ఒక ఒప్పందం అమ్మిపెట్టాడు. కోతల నాటికి ధర 4 డాలర్లకు పడిపోతే గింజను 4 డాలర్లకే అమ్ముకోవాలి. కానీ 5 డాలర్లకు అమ్మిన ఒప్పందాన్ని 4 డాలర్లకే తిరిగి కొని తీర్చేస్తాడు కనుక అక్కడ బుషెల్‌కు ఒక డాలరు, మొత్తం 5,000 డాలర్లు మిగులుతాయి. ధర 6 డాలర్లకు పెరిగితే ఒప్పందంలో ఒక డాలరు పోతుంది, గింజ మీద ఒక డాలరు ఎక్కువ వస్తుంది. ఖర్చులు, ఊరి ధరలో తేడా పక్కన పెడితే ఎటు తిరిగినా చేతికి 5 డాలర్లు. ధర పడిపోతుందన్న భయాన్ని ఆ రైతు ఇంకొకరి నెత్తిన పెట్టాడన్నమాట. ఆ భయాన్ని లాభం ఆశతో నెత్తికెత్తుకునే వాడే స్పెక్యులేటర్.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. వాయిదా ధర అంటే కల్లంలో ఉన్న గింజ ధర కాదు. రేపు ఎంత పండుతుంది, ఎంత అమ్ముడవుతుంది అని జనం వేసుకున్న అంచనాకు ధర. అంచనా మారితే చాలు, చేలో ఒక్క మొక్క కూడా ఎండకముందే ధర మారిపోతుంది.

వాతావరణం ఏం చేస్తుంది?

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలు అంటారు. అందుకే ధరను ఒక్కరోజులో ఎగరేసే శక్తి వానకే ఎక్కువ. అయితే వాన మొత్తం ఎంత కురిసింది అన్నదానికంటే అదనుకు కురిసిందా లేదా అన్నదే ముఖ్యం. అమెరికాలో మొక్కజొన్న జల్లు, పీచు వేసేది జూలైలో. అప్పుడు బెట్ట పడితే కంకి నిండదు. సోయాబీన్ కాయలో గింజ కట్టేది ఆగస్టులో. అందుకని జూలైలో మొక్కజొన్న వ్యాపారులు, ఆగస్టులో సోయా వ్యాపారులు మబ్బుల వైపు చూస్తూ కూర్చుంటారు.

బ్రెజిల్, అర్జెంటీనా భూగోళానికి దక్షిణాన ఉన్నాయి. బ్రెజిల్‌లో సోయా సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తి ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో ఎక్కువగా కోస్తారు. కనుక షికాగో ధరకు ఏడాదిలో రెండు వానాకాలాల గండం ఉంటుంది. పసిఫిక్ సముద్రం వేడెక్కితే ఎల్ నినో, చల్లబడితే లా నినా అంటారు. లా నినా వస్తే అర్జెంటీనాలో తరచుగా కరవు. 2022-23లో అలాగే జరిగి అక్కడి సోయా పంట ముందటి ఏడు ఉన్న 4.4 కోట్ల టన్నుల నుంచి 2.5 కోట్ల టన్నులకు పడిపోయింది. ఎల్ నినో వస్తే ఇండోనేషియా, మలేషియాలలో పామాయిల్ తోటలకు నీటి ఎద్దడి. ఆ దెబ్బ వెంటనే కనపడదు. నెలలు గడిచాక గెలల దిగుబడిలో కనపడుతుంది.

గిరాకీ ఏం చేస్తుంది?

వాన ఉరుములా వస్తుంది. గిరాకీ చెదపురుగులా నెమ్మదిగా పని చేస్తుంది. రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది ఇథనాల్. పెట్రోలులో ఇథనాల్ కలపాలని అమెరికా 2005లోనూ, 2007లోనూ చట్టాలు చేసింది. ఆ ఇథనాల్ తయారయ్యేది ఎక్కువగా మొక్కజొన్న నుంచే. 2011 నాటికి ఆ దేశపు మొక్కజొన్న పంటలో దాదాపు 40 శాతానికి సమానమైన గింజ ఇథనాల్ కర్మాగారాలకు పోయింది. తినే నోళ్ళకు, మేసే పశువులకు తోడు కార్లు కూడా గింజ తినడం మొదలుపెట్టాయి.

రెండవది చైనా. అక్కడ జనం ఆదాయం పెరిగి మాంసం వాడకం పెరిగింది. పందులకు, కోళ్ళకు దాణాగా సోయా పిండి కావాలి. 2000 సంవత్సరంలో చైనా సుమారు ఒక కోటి టన్నుల సోయాబీన్ దిగుమతి చేసుకుంది. 2020లో అది 10 కోట్ల టన్నులకు చేరింది.

పెరిగిన గిరాకీ ఒక్కసారిగా తప్పుకుంటే ఏమవుతుందో 2018లో చూశాం. అమెరికాతో సుంకాల తగాదాలో చైనా జూలై 6న అమెరికా సోయా మీద 25 శాతం సుంకం వేసింది. మే నెలాఖరులో 10 డాలర్లకు పైన ఉన్న షికాగో ధర జూలైలో 8.5 డాలర్ల దరికి జారింది. ఆ ఏడు అక్కడ పంటకు కొదవ లేదు, కొనేవాడే కరవయ్యాడు. చైనా బ్రెజిల్ వైపు తిరిగింది కనుక బ్రెజిల్ రేవుల్లో మాత్రం సోయాకు అదనపు ధర పలికింది. అదే ఏడు ఆగస్టులో చైనాలో పందులకు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. పందులు తగ్గితే దాణా తగ్గింది, దాణా తగ్గితే సోయా గిరాకీ తగ్గింది.

2012, 2019 – రెండేళ్ళ పోలిక

అసలు విషయం ఇక్కడ ఉంది. వాతావరణం, గిరాకీ విడివిడిగా పని చేయవు. రెండూ కలిసేది గిడ్డంగిలో. పాత పంటలో ఎంత మిగిలి ఉంది అన్నదాన్ని బట్టి వాన దెబ్బ ఎంత గట్టిగా తగిలేదీ తేలుతుంది.

2012లో అమెరికా మొక్కజొన్న రైతులు పెద్ద విస్తీర్ణంలో విత్తారు. ఎకరానికి 166 బుషెళ్ళు వస్తాయని మేలో ప్రభుత్వ వ్యవసాయ శాఖ అంచనా. తర్వాత బెట్ట పట్టింది. ఆ ఏటి జూలై ఆ దేశంలో అప్పటివరకు నమోదైన నెలలన్నింటిలోకీ అత్యంత వేడి నెల. చివరికి దిగుబడి ఎకరానికి సుమారు 123 బుషెళ్ళే. ఇథనాల్, ఎగుమతుల గిరాకీ వల్ల పాత నిల్వ అప్పటికే 100 కోట్ల బుషెళ్ళకు లోపు ఉంది. అంటే దాదాపు నెల రోజుల వాడకానికే సరిపోయేంత. జూన్ మధ్యలో 5 డాలర్ల పైచిలుకు ఉన్న ధర ఆగస్టు 10న 8 డాలర్ల 40 సెంట్లు దాటి రికార్డు సృష్టించింది.

2019లో కథ వేరు. ఆ వసంతంలో ఎడతెగని వానలకు పొలాల్లో నీళ్ళు నిలిచి విత్తే అదను తప్పిపోయింది. కోటి ఎకరాలకు పైగా మొక్కజొన్న వేయలేకపోయారు. మార్కెట్ హడలిపోయింది. అయినా ధర మే నెల 3.5 డాలర్ల ప్రాంతం నుంచి జూన్‌లో 4.6 డాలర్ల దాకా పోయి అక్కడే ఆగి వెనక్కి తిరిగింది. దిగుబడి అనుకున్నంత దెబ్బతినకపోవడం ఒక కారణం. గిడ్డంగుల్లో 200 కోట్ల బుషెళ్ళకు పైగా పాత గింజ ఉండడం రెండో కారణం.

గాదె నిండుగా ఉన్న ఇంటికి ఒక పంట పోతే దిగులు. గాదె ఖాళీగా ఉన్న ఇంటికి అదే పంట పోతే ఆకలి. మార్కెట్ కూడా అంతే.

2012 కథకు ముగింపు కూడా తెలుసుకోవాలి. ధర అంత పెరిగేసరికి కొన్ని ఇథనాల్ కర్మాగారాలు ఆగిపోయాయి, పశువుల పెంపకందార్లు మేపు తగ్గించారు. పెరిగిన ధరే గిరాకీని కోసింది. కొనేవాళ్ళు ఇతర దేశాలవైపు చూశారు. 2012-13లో మన దేశం నుంచి మొక్కజొన్న ఎగుమతులు 40 లక్షల టన్నులు దాటాయి. మొక్కజొన్న ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2013లో అమెరికాలో పంట బాగా పండింది. ఆ ఏడాది చివరికి షికాగో ధర 4 డాలర్ల పైచిలుకుకు దిగివచ్చింది. 2012 ధర చూసి ఆశపడి విత్తినవాడికి దక్కింది 2013 ధర.

మన మెస్ దాకా వచ్చిన ధర

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా నూనె ఎక్కువగా దక్షిణ అమెరికా నుంచి వస్తాయి. 2022కు ముందు పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా ఉక్రెయిన్ నుంచి వచ్చేది.

2021లో కరవు వల్ల కెనడాలో ఆవజాతి నూనెగింజల పంట దెబ్బతింది. 2022 మొదట్లో దక్షిణ అమెరికాలో సోయా ఎండింది. నూనె నిల్వలు అలా పలచబడి ఉన్నప్పుడే ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలైంది. నల్లసముద్రం రేవుల్లో ఓడలు ఆగిపోయాయి. ఒక నూనె దొరకకపోతే అందరూ ఇంకో నూనె మీద పడతారు. మలేషియా మార్కెట్‌లో పామాయిల్ వాయిదా ధర మార్చిలో టన్నుకు 7,000 రింగిట్లు దాటింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసి మే 23న మళ్ళీ అనుమతించింది. జూలై మధ్యకు ధర 4,000 రింగిట్ల కిందికి వచ్చింది.

హాస్టల్ విద్యార్థికి ఇందులో ఒక చేదు పాఠం ఉంది. నూనె ధర వారాల్లో మారుతుంది. మెస్ ఛార్జీలు తలకు ఇంత అని ప్రభుత్వం నిర్ణయించాక ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడికీ పోదు. అది పలచబడ్డ సాంబారుగా, తగ్గిన తాలింపుగా కంచంలోకే వస్తుంది. అందుకే మెస్ ఛార్జీలను ధరల సూచీతో ముడిపెట్టి పెంచాలని అడగడం దానం అడగడం కాదు, లెక్క అడగడం.

మన దేశంలో వాయిదా మార్కెట్

ముంబాయి కేంద్రంగా ఎన్.సి.డి.ఇ.ఎక్స్. 2003 డిసెంబరులో పని ప్రారంభించింది. తెలంగాణలో మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట రైతులకు తెలిసిన ఆముదాలు కూడా అందులో వాయిదాకు అమ్ముడయ్యే సరుకే. ధరలు పెరిగినప్పుడల్లా మన ప్రభుత్వాలకు వాయిదా వ్యాపారం మీద అనుమానం వస్తుంది. 2007లో కంది, మినుము, గోధుమ, బియ్యం వాయిదాలను ఆపారు. ఆ విషయం పరిశీలించిన అభిజిత్ సేన్ కమిటీ, ధరల పెరుగుదలకు వాయిదా వ్యాపారమే కారణమని గట్టిగా చెప్పడానికి ఆధారం చాలదని 2008లో తేల్చింది. అయినా 2021 డిసెంబరు 20న సెబీ వరి, గోధుమ, శనగ, ఆవాలు, సోయా, ముడి పామాయిల్, పెసర వాయిదాలను నిలిపివేసింది. ఆ నిలిపివేతను తర్వాత పలుమార్లు పొడిగించింది.

అయితే మన వాన కూడా షికాగోను కదిలిస్తుంది. 2022 మార్చిలో వడగాడ్పులకు ఉత్తర భారతంలో గోధుమ గింజ బక్కచిక్కింది. మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులను నిషేధించింది. శని, ఆదివారాలు గడిచి మే 16న మార్కెట్ తెరవగానే షికాగో గోధుమ ఆ రోజుకు అనుమతించిన గరిష్ఠ హద్దు, 70 సెంట్లు, పెరిగింది.

చదువుకున్న మనం చేయవలసింది

రెండెకరాల రైతు నేరుగా వాయిదా వ్యాపారం చేయడం కష్టం. ఒప్పందం పరిమాణం పెద్దది, ముందు మార్జిన్ కట్టాలి, ధర ఎదురు తిరిగితే ఏ రోజుకా రోజు డబ్బు సర్దాలి. కానీ ధర కబురు తెలుసుకోవడానికి పైసా కట్టనక్కరలేదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మనం ఈ పనులు చేయవచ్చు.

1. నిరుటి ధర చూసి ఈ ఏడు విత్తనం కొనవద్దని ఇంట్లో చెప్పాలి. అందరూ అదే ధర చూసి అదే పంట వేస్తారు.

2. మూడు సంగతులు కలిపి చూడాలి. ఆ పంట పండే చోట్ల వాన ఎలా ఉంది? పాత నిల్వ ఎంత ఉంది? కొనే దేశాలు, ప్రభుత్వాలు ఏ నిర్ణయం తీసుకున్నాయి?

3. సరుకు యార్డుకు తోలేముందు రెండు మూడు మార్కెట్ల ధరలు కనుక్కోవాలి. ధర తెలిసిన రైతుతో బేరం ఆడే తీరు వేరుగా ఉంటుంది.

4. ఫోన్‌లో సులువుగా ఖాతా తెరుచుకుంటుంది కదా అని స్కాలర్‌షిప్ డబ్బుతో వాయిదా వ్యాపారం చేయవద్దు. గోదాములు, ఉపగ్రహ చిత్రాలు చేతిలో ఉన్న కంపెనీలే అక్కడ నష్టపోతుంటాయి.

వానను మనం ఆపలేం, రప్పించలేం. చైనా ఏం కొనాలో మనం చెప్పలేం. కానీ ఆ కబురు మన పల్లెకు అందరికంటే ఆలస్యంగా చేరే పరిస్థితిని మార్చగలం. వ్యాపారి ఫోన్‌లో కనపడే ధర మన నాన్న ఫోన్‌లో కూడా కనపడాలి. దాని అర్థం చెప్పగలిగిన కొడుకో కూతురో ఆ ఇంట్లో ఉండాలి. ఈ వార్షికోత్సవ సంచిక చదివే ప్రతి తమ్ముడూ, చెల్లెలూ తమ ఇంట్లో ఆ పని చేయాలని కోరుకుంటున్నాం.