పాత వాషింగ్ మెషిన్ – విప్పి చదువుకునే పాఠం



పాత ఇనుప సామాన్ల కొట్టు ముందు ఎప్పుడైనా ఒక నిమిషం నిలబడి చూడండి. తుప్పు పట్టిన కూలర్ల పక్కన, పైన మూత ఉన్న వాషింగ్ మెషిన్ ఒకటైనా కనిపిస్తుంది. కొట్టతనికి అది కిలోల లెక్క. ఇనుము ఇంత, ప్లాస్టిక్ ఇంత, మోటారులోని రాగి ఇంత. సుత్తెతో నాలుగు దెబ్బలు వేస్తే ఆ లెక్క తేలిపోతుంది.

మనకు మాత్రం అది ఒక ప్రయోగశాల. ఘర్షణ, జడత్వం, గాలి పీడనం, విద్యుదయస్కాంత ప్రేరణ, సబ్బు పనిచేసే తీరు – హైస్కూలు నుంచి ఇంటర్ దాకా చదివే ఎన్నో పాఠాలు ఆ ఒక్క డబ్బాలో ఉన్నాయి. పైగా పాత మెషిన్‌లో ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. కొత్త మెషిన్లలో సగం పని ఎలక్ట్రానిక్ బోర్డు మీది చిన్న చిప్ చేస్తుంది. దాన్ని విప్పినా లోపల ఏం జరుగుతోందో కనబడదు. అందుకే పాతదాన్ని సేకరించాలి, విప్పాలి, అర్థం చేసుకోవాలి.

యంత్రం కంటే ముందు చేతులు

బట్టలు ఉతకడంలో ముఖ్యంగా నాలుగు పనులున్నాయి. నానబెట్టడం, రుద్దడం లేదా బాదడం, జాడించడం, పిండడం. ఏ దేశపు మెషిన్ అయినా ఈ నాలుగే చేస్తుంది. కొత్తగా కనిపెట్టిన ఐదో పని ఏదీ లేదు.

మన ఊళ్లలో రజకులు చాకిరేవు దగ్గర ఈ పనిని శాస్త్రీయంగానే చేశారు. సౌడు మట్టికి క్షార గుణం ఉంది. ఆ నీటిలో ముంచిన బట్టలను బానలో పెట్టి ఉడికిస్తే వేడికి జిడ్డు మెత్తబడుతుంది. క్షారం ఆ జిడ్డుతో కలిసి సబ్బు లాంటి పదార్థంగా మారుతుంది. తరువాత బండకేసి కొట్టినప్పుడు పోగుల సందుల్లోని నీరు వేగంగా బయటికి చిమ్ముతూ మురికిని వెంట తీసుకుపోతుంది. అంటే రసాయనం, వేడి, దెబ్బ, సమయం – ఈ నాలుగూ కలిస్తేనే బట్ట తెల్లబడుతుంది. ఒకటి తగ్గితే ఇంకొకటి పెంచాలి. చన్నీళ్లతో ఉతికితే ఎక్కువసేపు నానబెట్టాలి. సబ్బు తక్కువైతే ఎక్కువ రుద్దాలి. ఈ లెక్క మన తల్లులకు చదువు లేకుండానే తెలుసు.

ఇంత నైపుణ్యం ఉన్న పనికి విలువ దక్కిందా? నిజాం కాలంలో దొరల గడీల బట్టలు ఉతకడం వెట్టిచాకిరీ. కూలి లేదు, కాదనే హక్కు లేదు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తిలో రజక కుటుంబానికి చెందిన చిట్యాల ఐలమ్మ 1940లలో కౌలు భూమి కోసం, తాను పండించిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలబడింది. ఆమె 1985లో కన్నుమూసింది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. వాషింగ్ మెషిన్ గురించి చదివేటప్పుడు ఈ చరిత్ర కూడా గుర్తుండాలి. మెషిన్ చేసేది ఎవరి పనో తెలియకపోతే ఆ మెషిన్ మనకు సగమే తెలిసినట్టు.

పైమూత మెషిన్ వచ్చిన దారి

1908 ప్రాంతంలో అమెరికాలోని షికాగోకు చెందిన హర్లీ కంపెనీ ‘థోర్’ పేరుతో కరెంటుతో నడిచే వాషింగ్ మెషిన్‌ను అమ్మకానికి తెచ్చింది. 1922లో మేటాగ్ కంపెనీ ‘గైరాఫోమ్’ అనే మెషిన్ తెచ్చింది. బట్టలను కదిలించే రెక్కల కంబాన్ని తొట్టి అడుగున అమర్చడం అందులోని విశేషం. దీన్నే అజిటేటర్ అంటారు. అది అటు కొంత, ఇటు కొంత తిరుగుతూ బట్టలను నీటిలో అల్లాడిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947 నాటికి, నీళ్లు పట్టడం నుంచి పిండడం దాకా తానే చేసుకునే పైమూత మెషిన్లు అమెరికా మార్కెట్‌లోకి వచ్చాయి.

జపాన్ వేరే దారి పట్టింది. 1953లో శానియో కంపెనీ తెచ్చిన మెషిన్‌లో కంబానికి బదులు గుండ్రని పళ్లెం ఉంది. అది తిరిగితే నీటిలో సుడి పుడుతుంది. దీన్ని పల్సేటర్ అంటారు. పొడవైన కంబం అక్కర్లేదు కాబట్టి తొట్టి చిన్నదైంది, ధర తగ్గింది.

మన దేశంలో 1980ల చివర, 1990లలో వీడియోకాన్, బీపీఎల్, టీవీఎస్ వర్ల్‌పూల్ వంటి పేర్లతో ఈ మెషిన్లు మధ్యతరగతి ఇళ్లకు చేరాయి. వాటిలో మన ప్రాంతానికి బాగా సరిపోయింది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మెషిన్. కారణం సులభమే. దానికి ఎప్పుడూ ధారగా వచ్చే నల్లా అక్కర్లేదు. బోరింగు నుంచి తెచ్చి బకెట్‌తో పోసినా నడుస్తుంది. ఉతికిన సబ్బు నీళ్లను పారబొయ్యకుండా రెండో వాయికీ వాడుకోవచ్చు. వీడియోకాన్ కంపెనీ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇటువంటి పాత మోడళ్లకు విడి భాగాలు దొరకడం కష్టం. కాబట్టి చెడిపోయినవి త్వరగా తుక్కుకు చేరతాయి.

రెండు తొట్ల మెషిన్‌ను విప్పితే

1. ఉతికే మోటారు: ఇది సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటారు. సాధారణంగా నాలుగు ధ్రువాలుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. 120ని 50తో గుణించి 4తో భాగిస్తే 1500. మోటారులోని అయస్కాంత క్షేత్రం నిమిషానికి ఇన్నిసార్లు తిరుగుతుంది. మోటారు మాత్రం కొంచెం వెనుకబడి సుమారు 1400 చుట్లు తిరుగుతుంది. ఈ తేడాను ‘స్లిప్’ అంటారు.

2. కెపాసిటర్: ఒక్క ఫేజుతో అయస్కాంత క్షేత్రం పెరుగుతూ తగ్గుతూ ఉంటుందే గాని తిరగదు. రెండో చుట్టకు వెళ్లే కరెంటును కెపాసిటర్ కొంచెం ముందుకు జరుపుతుంది. అప్పుడే క్షేత్రం తిరగడం మొదలవుతుంది. మోటారు గుర్రుమని శబ్దం చేస్తూ తిరగకుండా ఉంటే ముందుగా అనుమానించాల్సింది కెపాసిటర్‌నే.

3. అటూ ఇటూ తిరగడం: ఉతికే మోటారులో సాధారణంగా రెండు చుట్టలూ సమానం. కెపాసిటర్‌ను ఒకసారి ఈ చుట్టకు, ఒకసారి ఆ చుట్టకు కలిపితే మోటారు దిశ మారుతుంది. మల్టీమీటర్‌తో చూడండి. బయటికి వచ్చే మూడు వైర్లలో ఉమ్మడి వైరు నుంచి మిగతా రెండింటికీ నిరోధం సమానంగా ఉంటుంది. ఆ రెండింటి మధ్య దానికి రెట్టింపు ఉంటుంది. పుస్తకంలో చదివిన శ్రేణి సంధానం ఇదే.

4. బెల్టు, కప్పీలు: మోటారు కప్పీ చిన్నది, పల్సేటర్ కప్పీ పెద్దది. ఉదాహరణకు చిన్నదాని వ్యాసం 5 సెంటీమీటర్లు, పెద్దదాని వ్యాసం 15 సెంటీమీటర్లు అనుకుంటే వేగం మూడో వంతుకు తగ్గుతుంది, తిప్పే బలం సుమారు మూడు రెట్లు అవుతుంది. తడిసిన దుప్పట్లను కదిలించేది ఆ బలమే.

5. టైమర్: తిప్పి వదిలే టైమర్‌లో గడియారం మాదిరి స్ప్రింగు, పళ్ల చక్రాలు ఉంటాయి. చక్రం అంచున ఉన్న ఎత్తుపల్లాలు స్విచ్చులను కలుపుతూ విడదీస్తూ ఉంటాయి.

6. పిండే తొట్టి: దీని మోటారు బెల్టు లేకుండా నేరుగా తొట్టిని తిప్పుతుంది. తొట్టి వ్యాసం 24 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 1400 చుట్లు అనుకుని లెక్క వేయండి. గోడను ఆనుకున్న బట్టను వలయంలో ఉంచేందుకు కావలసిన త్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 260 రెట్లు. బట్టను గోడ ఆపుతుంది. నీటిని మాత్రం రంధ్రాలున్న చోట ఆపేది ఉండదు. అది జడత్వం వల్ల బయటికి పోతుంది.

7. మూత, బ్రేకు: పిండే తొట్టి మూత ఎత్తగానే స్విచ్ కరెంటును ఆపుతుంది, తీగ లాగి బ్రేకు పడుతుంది. మెషిన్‌లో అన్నిటికంటే విలువైన భాగం ఇదే. చెయ్యి పోకుండా కాపాడేది ఇది.

ఇక కరెంటు ఖర్చు. మెషిన్ 360 వాట్లది అయితే పావుగంట ఉతికితే 0.09 యూనిట్, అంటే యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. మన చెల్పూర్ కాకతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యం 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు కలిపి 1100 మెగావాట్లు. అది పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఇటువంటి మెషిన్లు ఎన్నిటికి ఒకేసారి కరెంటు ఇవ్వగలదో మీరే లెక్క కట్టండి.

పూర్తి ఆటోమేటిక్ పాత మెషిన్‌లో అదనంగా ఏముంది?

నీరు ఎంత పట్టిందో మెషిన్‌కు ఎలా తెలుస్తుంది? తొట్టి అడుగు నుంచి సన్నని గొట్టం ఒకటి పైకి వెళ్తుంది. నీరు పెరిగే కొద్దీ గొట్టంలో చిక్కుకున్న గాలి ఒత్తిడికి లోనై ఒక రబ్బరు పొరను నెడుతుంది. నీరు తగిన ఎత్తుకు రాగానే ఆ పొర స్విచ్‌ను నొక్కుతుంది, నీరు ఆగిపోతుంది. ఆ గొట్టానికి చిన్న చిల్లు పడితే నీరు నిండినా మెషిన్‌కు తెలియదు. చాలాసార్లు కొత్త గొట్టం వేస్తే సరిపోయే జబ్బు ఇది.

లోపలి తొట్టి నాలుగు స్ప్రింగు కడ్డీల మీద ఊయలలా వేలాడుతుంది. దాని పై అంచులో ద్రవం నింపిన వలయం ఉంటుంది. బట్టలు ఒక పక్కకు చేరినప్పుడు ద్రవం ఎదుటి పక్కకు జరిగి తూకం సరిచేస్తుంది.

పాత మోటారు టైమర్‌లో ఇంకో విశేషం ఉంది. కరెంటు పోతే అది ఉన్న చోటే ఆగుతుంది. కరెంటు రాగానే అక్కడి నుంచే మొదలుపెడుతుంది. చిప్ లేకుండానే పళ్ల చక్రం అంత జ్ఞాపకం ఉంచుకుంటుంది.

సేకరించడం ఎలా?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, ఈటన్ పట్టణం దగ్గర లీ మాక్స్‌వెల్ అనే విశ్రాంత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ వెయ్యికి పైగా పాత వాషింగ్ మెషిన్లను సేకరించి మ్యూజియంగా పెట్టాడు. మనకు వెయ్యి అక్కర్లేదు. హాస్టల్‌కు ఒక అజిటేటర్‌ది, ఒక పల్సేటర్‌ది దొరికితే చాలు.

కొనే ముందు ఇవి చూడాలి:
– వెనుక అంటించిన రేకు మీద కంపెనీ, మోడల్, వోల్టేజి, వాట్లు చదవగలిగేలా ఉన్నాయా? ఆ రేకు పోతే మెషిన్ చరిత్ర సగం పోయినట్టే.
– పిండే తొట్టిని చేతితో తిప్పితే మెత్తగా తిరుగుతోందా, గరగరమంటోందా? గరగరమంటే బేరింగు అరిగింది.
– పల్సేటర్ కింద తడి, తుప్పు ఉన్నాయా? ఉంటే రబ్బరు సీలు పోయి నీరు కారింది.
– విదేశాల నుంచి వచ్చినదైతే వోల్టేజి తప్పక చూడాలి. అమెరికా మెషిన్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది. మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.

తెచ్చిన ప్రతి మెషిన్‌కూ ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎక్కడ దొరికింది, ఎవరి ఇంట్లో ఎన్నేళ్లు నడిచింది, ఎందుకు పక్కన పెట్టారు, ఏ భాగం ఎవరు మార్చారు – అన్నీ రాయండి. గ్యారంటీ కార్డు, వాడుక పుస్తకం, పాత వారపత్రికల్లోని ప్రకటన దొరికితే దాచండి. అది వచ్చాక ఆ ఇంట్లో ఎవరి పని తగ్గిందో, మిగిలిన సమయం ఎవరికి ఉపయోగపడిందో కూడా అడిగి రాయండి. మెషిన్ మీద ఆ సంగతి ఎక్కడా ముద్రించి ఉండదు.

తప్పనిసరి జాగ్రత్తలు

1. ప్లగ్గు తీసి పక్కన పెట్టాకే స్క్రూ విప్పాలి. పెద్దవాళ్లు, తెలిసిన మెకానిక్ పక్కన ఉండాలి.
2. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో చార్జి మిగిలి ఉండవచ్చు. మెకానిక్ దాన్ని బల్బు ద్వారా ఖాళీ చేసిన తరువాతే ముట్టుకోవాలి. ఉబ్బిన కెపాసిటర్‌ను కోయవద్దు.
3. ఎర్తు లేని ప్లగ్గుతో మెషిన్‌ను నడపవద్దు. తడి నేల, ఇనుప డబ్బా, కరెంటు – ఈ మూడూ కలిస్తే ప్రాణాపాయం.
4. రాగి కోసం వైర్లు కాల్చవద్దు. ఆ పొగ విషం. 2016 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలలోనే వాషింగ్ మెషిన్‌ను చేర్చారు. పనికిరాని భాగాలను అనుమతి ఉన్న సేకరణ కేంద్రానికే ఇవ్వాలి.

ఈ చదువు ఎవరికి?

మన హాస్టళ్లలో చదివేవాళ్లలో చాలామంది అమ్మానాన్నలు చేతిపనుల మీద బతికినవాళ్లు. బట్టలు ఉతికినవాళ్లు, చెప్పులు కుట్టినవాళ్లు, పొలం దున్నినవాళ్లు. వాళ్ల పనిలో శాస్త్రం ఉందని పుస్తకం చెప్పకపోయినా యంత్రం చెబుతోంది. ఇంజనీర్లు రెక్కలు, కప్పీలు, స్ప్రింగులు పెట్టి చేయించింది ఆ చేతుల పనినే. కాబట్టి ‘మాది చాకిరి చేసిన ఇల్లు’ అని తల దించుకోవాల్సిన పని లేదు.

ఇందులో బతుకుదెరువూ ఉంది. ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో ఎలక్ట్రికల్ చదవాలనుకునేవాళ్లు ఒక మెషిన్‌ను విప్పి మళ్లీ బిగించగలిగితే మోటారు పాఠం భయపెట్టదు. ఆడపిల్లలు కూడా స్క్రూడ్రైవర్ పట్టాలి. ఇంట్లో బట్టలు ఉతికే పని వాళ్లకు అప్పగించి, మెషిన్ బాగుచేసే పని మగపిల్లలకు ఇవ్వడం న్యాయం కాదు. మగపిల్లలు కూడా తమ బట్టలు తామే ఉతుక్కోవాలి.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ ఇంట్లో మూలన పడి ఉన్న పాత మెషిన్‌ను తుక్కుకు వేసే ముందు వార్డెన్ గారికి ఒక్క ఫోన్ చేయండి. దానితోపాటు ఒక మల్టీమీటరు, ఒక స్పానర్ సెట్టు ఇప్పించండి. వీలైతే ఒక ఆదివారం మీరే వచ్చి పిల్లల ఎదుట విప్పి చూపండి.

ఆలోచించండి – చేసి చూడండి

1. బోరు నీటితో ఉతికినప్పుడు సబ్బు నురగ తక్కువ వస్తే కారణం ఏమిటి? కఠిన జలం పాఠం చూసి రాయండి.
2. పిండే తొట్టి వేగం సగానికి తగ్గిస్తే త్వరణం ఎన్నో వంతు అవుతుంది?
3. సైకిల్ వెనుక చక్రాన్ని తలకిందులుగా నిలిపి తిప్పి, దానికి తడి గుడ్డ ముక్క కట్టి చూడండి. నీటి చుక్కలు ఏ దిశలో పోతున్నాయి?
4. మీ అమ్మగారు లేదా నాయనమ్మ బట్టలు ఉతికే తీరును అడిగి, ఒక్కొక్క పనికి మెషిన్‌లో ఏ భాగం సరిపోతుందో పట్టిక వేయండి. ఆ పట్టికను వచ్చే సంచికకు పంపండి.

– హాస్టల్ పూర్వ విద్యార్థి