మన కాళ్ల కింది రాయి

పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉంది. అమీర్‌పేట, పంజాగుట్టలో ఇప్పుడు ఇళ్లు, దుకాణాలు నిండాయి. రాయి కనబడదు. కానీ లోతుగా తవ్వితే తగులుతుంది. దాని పేరు గ్రానైటు. మన రోలు, తిరగలి ఎక్కువగా ఈ రాతితోనే చేస్తారు. గోల్కొండ కోట ఈ రాతి గుట్ట మీదే ఉంది.

ఈ రాయి ఎట్లా పుట్టింది?

దీని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అప్పటికి మనుషులు లేరు. చెట్లు లేవు. భూమి లోపల వేడికి రాయి కరిగింది. పైకి రాకుండా లోపలే మెల్లగా చల్లారింది. చక్కెర పాకం మెల్లగా ఆరితే పటికబెల్లం పెద్ద పలుకులు కడుతుంది కదా! ఇదీ అంతే. గ్రానైటును దగ్గరగా చూడండి. తెల్లని, గులాబీ, నల్లని పలుకులు కనబడతాయి.

పైనున్న రాయి ఎండకు, వానకు అరిగిపోయింది. కోట్ల ఏళ్లకు గ్రానైటు బయటపడింది. మీది బరువు తగ్గేసరికి ఉల్లిపొరల్లా విచ్చుకుంది.

నేల సాగితే ఏమవుతుంది?

జొన్నపిండి ముద్దను రెండు వైపులా లాగండి. పగుళ్లు వస్తాయి. భూమి పైపొర సాగినప్పుడు రాయి కూడా అట్లాగే పగిలింది. కరిగిన రాయి కింది నుంచి కొన్ని పగుళ్లలోకి ఎక్కి గడ్డకట్టింది. హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైటు మధ్య గోడల్లా కనబడే నల్లరాయి అదే. అది కూడా చాలా పాతది.

మన నీళ్లకు దీనితో ఏం పని?

గట్టి గ్రానైటు నీళ్లు తాగదు. వాన నీరు పైన మెత్తబడ్డ రాతిలో, కింద పగుళ్లలో నిలుస్తుంది. బోరుకు నీళ్లున్న పగులు తగిలితే నీళ్లు. తగలకపోతే దుమ్ము. అందుకే ఒక ఇంట్లో బోరు పడుతుంది. పక్కింట్లో పడదు. ఇది ఎవరి శాపమూ కాదు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అప్పు చేసి ఇంకా లోతుకు దింపినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు.

పగుళ్లు నిండాలంటే వాన నీరు నేలలోకి దిగాలి. వాకిలంతా సిమెంటు చేస్తే రోడ్డు మీదికి పోతుంది. ఇంకుడు గుంట తవ్వుదాం. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక వేయాలి. అందులోకి మురుగు నీరు వదలవద్దు.

చెప్పండి:

1. పటికబెల్లానికీ గ్రానైటుకూ పోలిక ఏమిటి?
2. పక్కపక్క ఇళ్లలో ఒక బోరు పడి, ఇంకొకటి ఎందుకు పడదు?
3. మీ వీధిలో వాన నీరు ఎక్కడికి పోతున్నది?