యంత్రం వార్తకెక్కింది, ఏడాది తర్వాత ఏమైంది?

గ్రామీణ విలేకరుల కోసం నడుపుతున్న ఈ శీర్షికకు ఈసారి నల్లగొండ జిల్లా హాలియా చుట్టుపక్కల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటి సారం ఒకటే: కొత్త యంత్రమో, కొత్త విత్తనమో, కొత్త పద్ధతో వచ్చినప్పుడు దాన్ని ఎలా రాయాలి? కొన్నిటికి వివరంగా, కొన్నిటికి క్లుప్తంగా జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను హాలియాలో ఒక దినపత్రికకు మండల విలేకరిని. డిగ్రీ చదివాను కానీ జర్నలిజం చదవలేదు. పోలీస్ స్టేషన్, తహసీల్దార్ ఆఫీసు, మార్కెట్ యార్డు వార్తలు రాయడం వచ్చు. ఈమధ్య డెస్క్ వాళ్లు "మీ దగ్గర ఆవిష్కరణలు ఏమున్నాయి, స్టోరీలు పంపు" అంటున్నారు. ఎవరైనా ఏదైనా తయారుచేశారంటే వెళ్తాను, ఫొటో తీస్తాను. "ఔరా" అని శీర్షిక పెట్టి వేస్తారు. అంతకు మించి ఏం అడగాలో తెలియడం లేదు.
– ఒక విలేకరి, హాలియా

జవాబు: మార్కెట్ యార్డు వార్త మీరెలా రాస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. ధర ఎంత పలికింది, తేమ ఎంత చూపించింది, తరుగు ఎంత తీశారు, డబ్బు ఎన్నాళ్లకు చేతికొచ్చింది అని అడగకుండా మీరు వార్త పంపరు. అడగడం మీకు వచ్చన్నమాట. కొత్త యంత్రం ముందు నిలబడేసరికి ఆ అలవాటు వదిలేసి చప్పట్లు కొట్టేవాళ్లలో మనమూ కలిసిపోతున్నాం. సమస్య అక్కడే ఉంది.

మన జిల్లా పేరే పెట్టుకుని ప్రపంచమంతా తిరిగిన ఆవిష్కరణ ఒకటుంది, నల్లగొండ టెక్నిక్. 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. ఫ్లోరైడ్ నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా తిప్పి, తేర్చి, వడగట్టడం. కరెంటు లేకపోయినా ఇంట్లో బకెట్‌తో చేసుకోవచ్చు, ఖర్చు తక్కువ. టాంజానియా, ఇథియోపియా దేశాల దాకా వెళ్లింది. ఇంత మంచి పద్ధతి పుట్టిన జిల్లాలోనే మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లలు తర్వాత దశాబ్దాల పాటు ఆ ఫ్లోరైడ్ నీళ్లే తాగి ఎముకలు వంకర తిరిగి పెరిగారు. అందులో పద్ధతి తప్పెంత, నడిపినవారి తప్పెంత? ఈ ప్రశ్న అడగడం విలేకరి పని.

పటిక ఎంత వేయాలన్నది నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. ఒక బోరుకు సరిపోయిన మోతాదు పక్క బోరుకు సరిపోదు. ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది, రుచి మారుతుంది. అడుగున దిగిన మడ్డిని రోజూ తీయాలి, ఎక్కడో ఒకచోట పారబోయాలి. అంటే ఊరికి ప్లాంటు పెడితే తెలిసిన మనిషి ఒకరు రోజూ దగ్గరుండి చూసుకోవాలి, ఆ మనిషికి జీతం అందాలి, పటిక మూట సమయానికి రావాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ప్లాంటు మూలన పడుతుంది. చాలా ఊళ్లలో జరిగింది అదే. ప్రారంభోత్సవం రోజు ఫొటోలో ఇదేదీ కనిపించదు. "ఈ ప్లాంటు నడిపే మనిషి ఎవరు? జీతం ఎవరిస్తారు? మడ్డి ఎక్కడ పోస్తారు?" అన్న మూడు ప్రశ్నలు ఆ రోజే అడిగి రాసి ఉంటే, ఆ ఊరివాళ్ల చేతిలో అధికారులను నిలదీయడానికి ఒక కాగితం ముక్క ఉండేది. ఈ మాట నేను చాలా బాధతో రాస్తున్నాను.

ఇంకో ఉదాహరణ ఉమ్మడి నల్లగొండలోనిదే. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి పేరు మీద చేసిన ఆసు యంత్రం. పోచంపల్లి చీరకు రంగు అద్దకముందు నూలును అర్ధచంద్రాకారంలో పేర్చిన మేకుల చుట్టూ వేల సార్లు చేత్తో తిప్పాలి. ఆసు పోయడమంటే అదే, ఇంటి ఆడవాళ్ల భుజాలు అరిగిపోయే పని. యంత్రం పూర్తిగా పనిచేసింది 1999లో. మల్లేశంకు పద్మశ్రీ వచ్చింది 2017లో, ఆయన కథతో సినిమా వచ్చింది 2019లో. ఆ కథను చాలామంది విజయగాథగానే రాశారు. నాకు మాత్రం 1999కి ముందున్న ఏళ్లు ముఖ్యం. చేతిలో డబ్బు లేకుండా, ఊరివాళ్ల మాటలు పడుతూ ఒక్కో భాగాన్ని బిగిస్తూ పోయిన కాలమది. ఆ రోజుల్లో ఎవరైనా విలేకరి వెళ్లి "ఎక్కడ ఆగింది? ఎంత డబ్బు కావాలి? ఏ విడిభాగం దొరకడం లేదు?" అని రాసి ఉంటే ఆ ఏళ్లలో కొన్నయినా తగ్గేవేమో. మీ మండలంలో ఇవాళ అలాంటి దశలో ఉన్నవాళ్లెవరో వెతకండి. పేరు రాని మనిషి గురించి రాసిందే ఎక్కువ పనికొస్తుంది.

కాబట్టి వెళ్లినప్పుడు తయారుచేసిన మనిషితో మాట్లాడి తిరిగి రాకండి. దాన్ని డబ్బిచ్చి కొన్నవారు ఒకరైనా ఉన్నారా చూడండి. కొని పక్కన పెట్టేసినవారు ఉంటే వాళ్లతో తప్పకుండా మాట్లాడండి, అసలు సంగతి వాళ్ల దగ్గరే తెలుస్తుంది. చెడిపోతే ఎక్కడ బాగు చేయిస్తున్నారో అడగండి, హాలియాలోనా, మిర్యాలగూడలోనా, హైదరాబాద్‌కే పోవాలా? ఆ యంత్రం రాకముందు ఆ పని చేసి కూలి సంపాదించుకున్నవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో కూడా అడగండి. డైరీలో తేదీ రాసుకుని ఏడాదికి మళ్లీ వెళ్లండి.

ప్రశ్న: మా దగ్గర ఒక మెకానిక్ బైకును నీళ్లతో నడుపుతున్నానంటున్నాడు. నా కళ్లముందే నడిపి చూపించాడు. ఇప్పటికే రెండు యూట్యూబ్ ఛానళ్లు వేశాయి. నేను రాయకపోతే డెస్క్ వాళ్లు "మిస్ అయ్యావు" అంటారు.
– ఒక విలేకరి, పెద్దవూర

జవాబు: రాయకండి, ముందు పరీక్షించండి. నీళ్లు ఇంధనం కాదు. నీటి నుంచి హైడ్రోజన్ తీయడానికి పట్టే శక్తి, దాన్ని మండిస్తే వచ్చే శక్తి కన్నా తక్కువ ఉండదు. ఎక్కడో పెట్రోలో, బ్యాటరీయో పని చేస్తూ ఉండాలి. ట్యాంకు మీ ఎదురుగా పూర్తిగా ఖాళీ చేయించండి, బ్యాటరీ మార్పించండి, నీళ్లు మీరే తెచ్చి పోయండి, 50 కిలోమీటర్లు నడపమనండి. పాలిటెక్నిక్‌లో చెప్పే ఉపాధ్యాయుణ్ణి ఒకరిని వెంట తీసుకెళ్లండి.

1996లో తమిళనాడులో రామర్ పిళ్లై అనే ఆయన ఆకులతో పెట్రోలు చేస్తానన్నాడు. దేశంలోని పెద్దపెద్ద పత్రికలు మొదటి పేజీలో వేశాయి. తర్వాత సీబీఐ కేసు నమోదైంది, 2016లో చెన్నై కోర్టు మూడేళ్ల జైలు శిక్ష వేసింది. నష్టపోయింది ఆ వార్తలు చదివి డబ్బు పెట్టినవాళ్లు. మెకానిక్ మోసగాడని నేననడం లేదు. నిజంగా నమ్మి కష్టపడుతూ ఉండవచ్చు, మైలేజీ పెంచే చిన్న మార్పేదో చేసి ఉండవచ్చు కూడా. అదే అయితే అంతవరకు రాయండి, అదీ వార్తే. డెస్క్ అడిగితే "పరీక్ష చేయిస్తున్నాను, ఫలితం పంపుతాను" అని చెప్పండి.

ప్రశ్న: సార్, మాది నిడమనూరు దిక్కు, కాల్వ చివరి భూములు. పోయినేడు పేపర్ల "వెదజల్లే వరితో వేలల్ల మిగులు" అని చదివి రెండెకరాలల్ల చల్లినం. గడ్డి మొలిచి వరి కన్న పైకొచ్చింది. కలుపు కూలికే ఉన్నయన్ని ఒడిసినయి. మా ఆయన పేపరోళ్లను తిడుతుండు. రాసినోళ్లది తప్పా, నమ్మినోళ్లది తప్పా?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, నమ్మిన మీది తప్పు కాదు. పద్ధతిదీ తప్పు కాదు. సగమే రాయడం తప్పు.

వెదజల్లితే నారుమడి ఖర్చు, నాటు కూలి మిగులుతాయి, పంట వారం పది రోజులు ముందే కోతకొస్తుంది. ఇదంతా నిజం. కానీ మడి అరచేతిలా చదునుగా ఉండాలి. విత్తిన 3 నుంచి 5 రోజుల్లోపు ఒకసారి, 15–20 రోజులప్పుడు మరోసారి కలుపు మందు పడాలి. మొదట్లో నీళ్లు తీసేయగలగాలి, తర్వాత కావాలన్నప్పుడు పెట్టగలగాలి. నాటు వేసిన పొలంలో నిలిచిన నీరే గడ్డిని అణిచిపెడుతుంది, వెదజల్లిన పొలంలో మొదటి రోజుల్లో ఆ రక్షణ ఉండదు. నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద ఎగువన ఉన్న రైతుకు ఇది కుదిరినట్టు, వంతులవారీగా నీళ్లొచ్చే చివరి భూముల రైతుకు కుదరదు. ఆ ఒక్క వాక్యం వార్తలో ఉండి ఉంటే మీరు ముందు అరెకరంలో చూసి ఉండేవారు.

ఈసారి వేసేముందు త్రిపురారం మండలం కంపాసాగర్‌లోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి, మీ నేల, నీళ్ల సంగతి చెప్పి అడగండి. మీకు దగ్గరే. మీ మండల విలేకరికి కూడా మీ పొలం చూపించండి. విలేకరి సోదరులకు ఒక మాట: ఈ అమ్మ పొలం కథ కూడా వెదజల్లే వరి మీద స్టోరీయే, దీన్నీ రాయండి. కొత్త పద్ధతి గురించి రాసేటప్పుడు అది ఏ నేలలో, ఏ నీటి కింద, ఎన్ని ఎకరాల రైతు దగ్గర పండిందో అందులో లేకపోతే ఆ కాపీని పక్కన పెట్టండి.

ప్రశ్న: పత్తి చేనులో కలుపు తీసే చిన్న యంత్రం చేశాను. ఒక విలేకరి వచ్చి లోపలి భాగాలన్నీ విప్పి ఫొటోలు తీస్తానంటున్నాడు. పేపర్‌లో వస్తే మంచిదే కదా?
– ఒక యువకుడు, గుర్రంపోడు

జవాబు: తొందరపడకండి. పేటెంటుకు దరఖాస్తు చేయకముందే మీ యంత్రం పనిచేసే తీరు పత్రికలో అచ్చయితే, అది అందరికీ తెలిసిన విషయం కింద లెక్క. తర్వాత పేటెంటు ఇవ్వకపోవచ్చు. మీ యంత్రాన్ని మీకే దూరం చేసేది ఎవరో పోటీదారుడు కాదు, మిమ్మల్ని మెచ్చుకుంటూ రాసిన వార్తే అవుతుంది. ముందు తాత్కాలిక వివరాలతో దరఖాస్తు పెట్టవచ్చు, పూర్తి వివరాలు 12 నెలల్లోపు ఇవ్వాలి. హైదరాబాద్‌లోని పల్లె సృజన ఇలాంటి పల్లె ఆవిష్కర్తలకు ఏళ్లుగా తోడు నిలుస్తోంది, గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పేటెంటు పనిలో సాయం చేస్తుంది. రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ ఆగస్టు 15కు జిల్లాల్లో జరిపే ఇంటింటా ఇన్నోవేటర్ ప్రదర్శన గురించి కలెక్టరేట్‌లో అడగండి. అక్కడ పెట్టేముందు కూడా దరఖాస్తు సంగతి చూసుకోండి.

విలేకరులకు: "ఏం చేస్తుంది, ఎంత పని చేస్తుంది" రాయండి, ఫొటో బయటి నుంచి తీయండి. లోపలి అమరిక దరఖాస్తు పడ్డాకే. అలాగే "పేటెంట్ పొందిన యంత్రం" అని రాసేముందు ఆ సంఖ్య అడిగి, పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో వెతకండి. దరఖాస్తు చేసిన 18 నెలలకు దాన్ని ప్రచురిస్తారు. ప్రచురించినంత మాత్రాన మంజూరైనట్టు కాదు. మంజూరైనా అది కొత్తదని మాత్రమే అర్థం, రైతుకు గిట్టుబాటవుతుందని కాదు.

ప్రశ్న: మాకు జీతం లేదు, యాడ్స్ మీద కమీషనే ఆధారం. ఒక మిల్లు యజమాని "మా తెలంగాణ సోనా బియ్యం షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు" అని వార్తలా రాస్తే సంక్రాంతికి ఫుల్ పేజీ యాడ్ ఇస్తానన్నాడు. ఏం చేయమంటారు?
– పేరు రాయొద్దు, మిర్యాలగూడ

జవాబు: మీ ఇబ్బంది నాకు తెలుసు. జీతమివ్వకుండా యాడ్ టార్గెట్ పెట్టి, నిజం రాయమనడం యాజమాన్యాల అన్యాయం. శిక్షణ తరగతుల్లో ఈ సంగతి ఎత్తకుండా విలువల గురించి చెబితే అది పూర్తి శిక్షణ కాదు. అయినా ఈ వార్త రాయకండి.

తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, రాజేంద్రనగర్‌లో పుట్టిన వంగడం. 2015లో విడుదలైంది. దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందో చెప్పే కొలత, 51–52 మధ్య అని పరీక్షల్లో తేలింది. 55 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. ఇదొక మంచి ఆవిష్కరణ, గర్వంగా రాయాల్సిందే. కానీ ఆ పరీక్ష 50 గ్రాముల పిండిపదార్థంతో చేస్తారు. పళ్లెం నిండా తింటే రక్తంలో చక్కెర పెరగక మానదు. "ఎంతైనా" అన్న ఒక్క మాట నమ్మి ఎవరైనా మాత్రలు మానేస్తే? ఆహార పదార్థాల మీద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది, ప్రచురణలో పాలుపంచుకున్నవారికీ వర్తిస్తుంది. ఈ సంగతి మిల్లు యజమానికి చెప్పండి. "తక్కువ గ్లైసీమిక్ ఇండెక్స్ ఉన్న రకం, డాక్టర్ చెప్పిన కొలతలో తినండి" అని యాడ్‌గానే, యాడ్ అని తెలిసేలా వేయించండి. చాలామంది ఒప్పుకుంటారు.

ప్రశ్న: మహిళా సంఘానికి డ్రోన్ వచ్చిందని రెండుసార్లు రాశాను. మూడోసారి రాయడానికి ఏముంటుంది?
– ఒక విలేకరి, త్రిపురారం

జవాబు: నెలకు ఎన్ని ఎకరాలు పిచికారీ చేసింది, ఎకరాకు ఎంత తీసుకున్నారు, బ్యాటరీలు ఎంతకాలం వస్తున్నాయి, సంఘం బ్యాంకు పుస్తకంలో ఎంత మిగిలింది. ఎగరేసే ఆమెకు పైలట్ సర్టిఫికెట్ ఉందా. ఇన్నాళ్లూ వీపున ట్యాంకు మోసి మందు కొట్టినవాళ్ల కూలి ఏమైంది. మొదటి రెండు వార్తల కన్నా ఇదే పెద్ద వార్త.

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇలాంటి వార్తలే రాయాలని నా కోరిక. ఎక్కడ నేర్చుకోవాలి?
– ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచి ఉంది. పెద్ద పత్రికలకు సొంత పాఠశాలలున్నాయి. తెలంగాణ మీడియా అకాడమీ గ్రామీణ విలేకరులకు తరగతులు పెడుతుంది. వీటిలో ఆవిష్కరణల రిపోర్టింగ్‌ను ఒక ప్రత్యేక పాఠంగా పెట్టాలని నా గట్టి కోరిక. స్వీడన్‌కు చెందిన డేవిడ్ నార్డ్‌ఫోర్స్ 2003లో ఇందుకు ఒక కార్యక్రమం మొదలుపెట్టి, తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దాకా తీసుకెళ్లాడు. టెక్నాలజీ, వ్యాపారం, రాజకీయం వేరువేరు పేజీల్లో ఉంటే ఆవిష్కరణ కథ ముక్కలవుతుందన్నది ఆయన వాదన. మనకు వీటికి వ్యవసాయం, కులవృత్తి, ఇంటి ఆడవాళ్ల పని కూడా కలపాలి. ఆసు యంత్రాన్ని వ్యాపార పేజీలోనో సినిమా పేజీలోనో పెడితే మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పి ఎక్కడా కనిపించదు.

1922లో, నిజాం కాలంలో, షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నల్లగొండ నుంచే నీలగిరి పత్రిక నడిపారు. చిన్న ఊరి నుంచి పెద్ద పని చేయలేమని అనుకోకండి. ఈ వానాకాలం మీ ఊళ్లో కొత్తగా వచ్చిన ఒక్క వస్తువును ఎంచుకోండి, విత్తనమో, పంపుసెట్టుకు పెట్టే ఫోన్ స్టార్టరో, ఏదైనా సరే. వచ్చినప్పుడు ఒకసారి, పంట చేతికొచ్చాక ఒకసారి, వచ్చే ఏడాది ఇదే నెలలో ఒకసారి, ఒక్కోటి మూడు వందల మాటలకు మించకుండా రాయండి. వాడినవారి మాట, మానేసినవారి మాట, ఖర్చు లెక్క మూడింటిలోనూ ఉండాలి. మొదటిది రాయగానే పంపండి. చదివి, ఎక్కడ ఏ ప్రశ్న అడగలేదో గుర్తు పెట్టి తిప్పి పంపుతాను. అది చూసుకుని రెండోది రాయండి.