రక్తపోటు – ఉప్పు – ఓషధులు

రక్తపోటు చాలామందిలో ఏ బాధా కలిగించకుండానే పెరుగుతుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం లేవు కనుక తమకు పోటు లేదని ఎవరూ భావించరాదు. ఏళ్ళ తరబడి ఉపేక్షించినచో పక్షవాతం, హృద్రోగం, మూత్రపిండాల క్షీణత సంభవించవచ్చును.

నల్లమాడ పరిసరాలనుండి వచ్చేవారు చేయి చాచి, "స్వామీ, నాడి పట్టి పోటెంతో చెప్పండి" అని అడుగుతూ ఉంటారు. గురుకులంలో నాడీపరీక్షను శ్రద్ధతో అభ్యసించినవాడనే నేను. నాడి వలన వేగం, లయ, బలం తెలుస్తాయి. పోటు అంకె తెలియదు. దానికి చేతికి పట్టీ చుట్టి కొలిచే యంత్రమే ప్రమాణం. ఐదు నిమిషాలు కదలక కూర్చున్న పిమ్మట కొలిపించుకొనవలెను. వేర్వేరు దినాలలో కొలిచినపుడు పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉన్నచో అది అధిక రక్తపోటు.

చరకసంహితలో ఈ వ్యాధికి ప్రత్యేకమైన పేరు లేదు. అయినను విమానస్థానం మొదటి అధ్యాయంలో పిప్పలి, క్షారం, లవణం ఈ మూడింటినీ అతిగా సేవించరాదనే హెచ్చరిక ఉన్నది. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం పెద్దలకు ఉప్పు దినమునకు 5 గ్రాములకు లోపుగానే ఉండవలెనని చెబుతున్నది. అది ఒక చిన్న చెంచాడు మాత్రమే.

మన సీమవాసుల రాగిసంకటిలో దోషం లేదు. దానితో నంజుకొనే ఊరగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలలోనే ఉప్పు దాగి ఉన్నది. మజ్జిగలో ఉప్పుకు బదులు జీలకర్ర, కరివేపాకు, నిమ్మరసం కలుపుకొనవచ్చును. సైంధవలవణం ఎంతైనా వాడవచ్చుననే భ్రమ వలదు, అదీ ఉప్పే. ఎండలో చేనుపని చేసేవారు మాత్రం ఉప్పును బొత్తిగా మానక, వైద్యుని సలహా పొందవలెను.

ఓషధుల విషయంలోనూ జాగరూకత అవసరం. దగ్గుకు వాడే అతిమధురం దీర్ఘకాలం సేవించినచో శరీరంలో ఉప్పును, నీటిని నిలిపి పోటును పెంచుతుంది. సర్పగంధ పోటును తగ్గించే మాట సత్యమే. బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీల్ 1949లో దాని ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించారు. 1952లో ఆ వేరునుండి రిసర్పిన్ అనే సారాన్ని వేరుచేశారు. అయితే అదే మూలిక మోతాదు మించితే మనోవ్యాకులతను, నాడీమాంద్యాన్ని కలిగించగలదు. కనుక ఇంట్లో నూరుకొని తాగదగినది కాదు.

మాత్రలు వాడుతున్నవారు పోటు సమస్థితికి రాగానే వాటిని మానివేయుట మిక్కిలి ప్రమాదకరం. అది తగ్గి ఉన్నది ఆ మాత్రల వలననే. మేమిచ్చే ఔషధం సేవించేటప్పుడు కూడ ఆ మాత్రల సంగతి మాకును, మా ఔషధం సంగతి ఆ వైద్యునికిని తెలుపవలెను. మూతి వంకరపోయినా, కాలుసేతులు పట్టుతప్పినా, మాట తడబడినా కషాయాలతో కాలహరణం చేయక తక్షణమే పెద్దాసుపత్రికి చేర్చవలెను.

నిత్యం నడక, తగిన నిద్ర, పొగాకు మద్యాల వర్జనం, మితలవణం, క్రమం తప్పని కొలత, ఈ ఐదింటిని ఇంటిల్లిపాదీ పాటించుట శ్రేయస్కరం.