మంచాన పడితే కండ ఎందుకు కరుగుతుంది?

తుంటి ఎముక విరిగిన పెద్దవారిని పరామర్శించడానికి వెళితే, "మీరు లేవకండి, మేమున్నాం కదా" అనే మాటే ముందుగా అంటాం. దాతలు కూడా మంచమో, చక్రాల కుర్చీయో ఇస్తామని ముందుకొస్తారు. అల్లాహ్ వారికి మేలు చేయుగాక. అయితే ఎముక అతికాక కూడా కాళ్లు ఎందుకు నిలవవో తెలిస్తే, మన సాయం తీరు కొంత మారాలనిపిస్తుంది.

కండ ఒకసారి తయారై అలాగే ఉండిపోయేది కాదు. అందులోని మాంసకృత్తులు రోజూ కొంత విరుగుతూ, కొంత కొత్తగా కట్టుకుంటూ ఉంటాయి. (కండలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ఫిస్కేతో కలిసి వెల్లడించిన యల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరంలో పుట్టినవారే.) పని పడినప్పుడు కండ తనలోనే ఐజీఎఫ్-1 అనే పెరుగుదల కారకాన్ని తయారుచేసుకుంటుంది. ఇన్సులిన్‌ను పోలిన ఈ అణువు కొత్త కండ కట్టమని కణాలకు కబురు పెడుతుంది. మయోస్టాటిన్ అనే మరో అణువు దీనికి పగ్గం వేస్తుంది. 1997లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ శాస్త్రవేత్తలు మయోస్టాటిన్ లేని ఎలుకలను పుట్టిస్తే, వాటి కండలు రెండింతలకు పైగా పెరిగాయి.

కాలు కదలకపోతే కట్టే పని మందగిస్తుంది. అదే సమయంలో మర్ఫ్-1, అట్రోజిన్-1 అనే ఎంజైములు పెరిగి, విరగవలసిన మాంసకృత్తులకు గుర్తు వేస్తాయి. 2007లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు 10 రోజులు మంచంపైనే ఉన్నారు. తిండి సరిపడా పెట్టినా కాళ్లలోనే సుమారు కిలో కండ తరిగిపోయింది.

మరి మయోస్టాటిన్‌ను ఆపే మందు వేస్తే? కొన్ని పరీక్షల్లో కండ పెరిగినా నడక మెరుగుపడలేదు. కండకు పని చెప్పడమే ఇప్పటికీ అసలు వైద్యం. డాక్టరు ఒప్పుకుంటే పడుకునే తొడ బిగించి వదలవచ్చు, పాదం ఆడించవచ్చు. తరువాత పట్టుకుని నిలబడటం, వాకరుతో నాలుగడుగులు. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేసుకునే వెసులుబాటు ఉంది. నిలబడగలిగే రోజు వస్తే వారిని మళ్లీ కుర్చీలోకి నెట్టవద్దు.

అన్నవరం నుంచి తునికో కాకినాడకో రోజూ ఆటోలో తీసుకెళ్లలేక చాలా ఇళ్లలో రోగిని పడుకోబెట్టేస్తారు. అందుకే ఈసారి దాతలను మేము అడిగేది మంచాలు కాదు: ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు ఖర్చు, రోజూ గుడ్డు, పప్పు, పాలు, ఒకరి అవసరం తీరాక మరొకరికి ఇవ్వగలిగే వాకర్లు.