కోడెల జతను ఎంచుట గూర్చి

భైంసా,
శ్రావణ బహుళము.

చిరంజీవి నాయనా,

నీ ఉత్తరము చేరినది. పట్నపు కొలువు విడిచి వచ్చి ఊరి పొలము చేయదలచితివనియు, పొలాల అమావాస్య దాటగనే కోడెల జతను కొనవలెనని యున్నదనియు వ్రాసి, దేవణి మేలా, కందారు ఎఱ్ఱది మేలా, ఖిల్లారి మేలా యని అడిగితివి. ట్రాక్టరు ఉండగా ఎడ్లెందుకని నలుగురును నిన్ను నవ్వవచ్చును. ప్రత్తి సాళ్ల నడుమ కలుపు పోవుటకు డౌర కొట్టవలసినపుడును, వాన వెలిసిన నల్లరేగడిలో ట్రాక్టరు చక్రము దిగబడినపుడును ఎద్దు విలువ వారికే తెలియును గనుక, ఆ వాదము నటుంచి నీ ప్రశ్నకే వచ్చెదను.

1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు మన ముధోలు తాలూకా నాందేడు జిల్లాలోనిదే. కాగితములపై సరిహద్దు మారినది గాని మన దొడ్లలోని పశువులకు ఆ మార్పు తెలియదు. కందారు ఎఱ్ఱది ఆ నాందేడు సీమ సొత్తు. ముదురెఱుపు మేను, మధ్యమ దేహము, ఎండను తాళు శక్తి, కొంచెపు మేతతో నెట్టుకొనివచ్చు గుణము దానికి గలవు, స్వభావమును నెమ్మదియే. దేవణి పూర్వపు బీదరు జిల్లాలోని ఉద్గీరు ప్రాంతమునుండి వ్యాపించినది. గుజరాతు గిర్ రక్తమును, డాంగీ రక్తమును స్థానిక పశువుతో కలిసి ఆ జాతి ఏర్పడినదని పశుశాస్త్రజ్ఞులు చెప్పుదురు. దాని వ్రేలాడు చెవులను, ఉబ్బిన నుదుటిని చూచిన వానికి ఆ మాట నమ్మదగినదిగనే తోచును. దాని ఆవు పాలకును, ఎద్దు సేద్యమునకును పనికివచ్చును. బరువైన పనిలో తొందరపడదు, బెదరదు. తోలువాడు తడబడినను సహించును.

ఖిల్లారి సంగతి వేరు. సోలాపురము, సాంగ్లీ, సాతారా సీమలలో పెరుగు ఈ జాతికి మైసూరు హల్లికారుతో చుట్టరికము కలదందురు. బిగువైన దేహము, వెనుకకు వంగి పైకి లేచిన పొడవాటి కొమ్ములు, నేల తాకీ తాకని నడక చూచి నీవు మోహపడితివని నీ ఉత్తరములోని విశేషణములే చెప్పుచున్నవి. మహారాష్ట్రపు బండి పందెములలో పేరు మోసినది ఇదియే. 2014లో సుప్రీంకోర్టు ఆపిన ఆ పందెములు, వానిని అనుమతించు ఆ రాష్ట్ర చట్టమును 2023లో అదే న్యాయస్థానము సమర్థించుటతో నిలద్రొక్కుకొన్నవి. వేగమునకై తరతరములుగ ఏరబడిన పశువునకు చుఱుకుతనముతోపాటు బెదురును ఉండుట సహజము. చేయి తిరిగిన సేద్యగానికి అది రత్నము. నీకు మాత్రము, నా మాట వినుము, ఇప్పుడు వలదు. ఇక ఒంగోలు గిత్త మాట అందువేమో, అది సాధువే గాని దాని దేహమునకు తగిన మేత నీ దొడ్డిలో ఏడాది పొడవునా దొరకదు.

అయితే జాతి పేరొక్కటే చూచి జత కొనువాడు సగము చూచినట్లే. మన ఒంగోలు పశువు బ్రెజిలు దేశమునకు పోయి, నెల్లూరు పేరిట నెలోర్ అను జాతియై, అక్కడ మాంసమునకై పెంచు మందలలో అత్యధిక భాగమైనది. విశాలమైన బీళ్లలో మనుష్యుని చేయి అరుదుగ తాకుచు పెరుగుట వలన అది మనిషిని చూచిన దూరము పోవునదనియు, దొడ్డిలో నిలుప కష్టమనియు అక్కడివారందురు. అదే రక్తము గల గిత్తను ఒంగోలు సీమలో రైతుబిడ్డలు పగ్గము పట్టి చెఱువునకు తోలుకొనిపోవుదురు! కావున పెంపకము గుణమును ఎంతగానో మార్చును. అంతమాత్రమున పుట్టుక లెక్కలోనిది కాదనరాదు. ఫ్రాన్సు దేశపు లిమోసిన్ పశువునకు ఒకప్పుడు పెంకితనపు అపకీర్తి యుండెను. అమెరికాలో దానిని పెంచువారు ఒక్కొక్క పశువు బెదురును కొలిచి, శాంతమైన పోతులనే విత్తనమునకు నిలిపి, కొన్ని తరములలో ఆ పేరు చాలవఱకు మాపుకొనిరి. అందుచే అంగడిలో జాతి నడుగుము. ఆ పిమ్మట ఏ ఇంట పుట్టినది, ఏ వయసున మనిషి చేతికి అలవాటైనది, తల్లి పాలు పిదుకనిచ్చెడిదా అని కూడ అడుగుము. అమ్మువాడు విసుగుకొనినను లెక్కపెట్టకుము.

అడిగిన పిమ్మట నోరు మూసికొని చూడుము. ఎదుటినుండి గాక ప్రక్కనుండి మెల్లగ సమీపింపుము. సరిగా వెనుకనున్నది పశువునకు కానరాదు. అక్కడ నిలిచి చేయి వేసినచో దేవణి యైనను తన్నును. నీవు దగ్గఱకు వచ్చుచుండగా చెవులు నీవైపు తిరిగి, కన్ను నిదానముగ నుండి, మేత నమలుట ఆగకున్నచో మంచిది. కంటిలో తెల్లగ్రుడ్డు మెఱసి, తోక కొట్టుకొనుచు, ముక్కుతాడు బిగియ తల ఎగురవేసినచో ధర తగ్గించినను వలదు. మన పెద్దలు సుడులు చూచెడివారు. ఇంటి కీడుమేళ్లను వానితో ముడిపెట్టుట నాకు సమ్మతము కాదు. అయినను నుదుటి సుడిని నేను తప్పక చూతును. 1995లో అమెరికాలో టెంపుల్ గ్రాండిన్, ఆమె సహచరులు ప్రకటించిన పరిశోధనలో, సుడి కన్నులకంటె ఎగువనున్న పశువులు, దిగువనున్న వానికంటె కదలకుండ బంధించినపుడు హెచ్చుగ కలవరపడినట్లు తేలినది. మన తాతల పుస్తకమంతయు దీనితో నిజమగునని అనను. ఆ ఒక్క పుట మాత్రము చింపి పారవేయదగినది కాదు.

చివరకు జత. దాపలిది దేవణియు వలపలిది ఖిల్లారియు నైనచో ఒకటి లాగుచుండ మఱొకటి తూగును. కాడి వంకర పోవును, సాలు వంకర పోవును, మెడ కాయలు కాచును. రెండు కోడెలను విడివిడిగ గాక కాడి వేయించి, ఖాళీ బండితో కొంత దూరము, గోనెలు వేసి కొంత దూరము నడిపించి, మలుపులో ఏది ముందు తడబడునో చూడుము. నాలుగు పండ్లవి దొరకినచో మేలు; నోరు కట్టిన ఎద్దునకు పాత యజమాని అలవాటులు అంటియుండును. దేవణి జత కుదిరినచో తీసికొనుము, లేనిచో కందారు ఎఱ్ఱవి. యాసంగి శనగకు దున్నుటలో నీ చేయి కుదురుకొనిన పిమ్మట ఖిల్లారి మాట మరల ఎత్తుము, అప్పుడు నేనే వెంట వచ్చెదను.

బేరము నాడు పైకము నడుములో ఉంచుకొని, మాటను మాత్రము బేరమెఱిగిన మన సాకలి మామకు వదలుము. అమ్మకు నా ఆశీస్సులు తెలుపుము.

ఇట్లు,
మీ పెదనాయన.